గట్టిమేళం కింద మాట

పెళ్ళయిన మర్నాటి నుంచీ మా హైమ రోజూ నా వీడియో స్టూడియోకొచ్చి పక్కనే కూర్చుంటోంది. నన్ను చూడకుండా గంట కూడా ఉండలేదని చిలకలూరిపేటంతా ఉబ్బితబ్బిబ్బవుతూ చెప్పుకున్నాను.

ఇవాళ కొత్త సాఫ్ట్‌వేర్‌లో మా పెళ్ళి వీడియోనే పెట్టాను. "మైకులో మాట పడితే చాలు, మేళం దానంతటదే తగ్గుతుంది, చూడు!" అన్నాను గొప్పగా.

తెరమీద నేను తాళి కడుతున్నాను. గట్టిమేళం హోరెత్తి, ఠక్కున తగ్గింది. పంతులుగారి మైకులో పడ్డ హైమ గుసగుస బయటికొచ్చింది: "ఏవండీ, నాక్కూడా ఎడిటింగ్ నేర్పుతారా?"

అప్పుడా మేళంలో నాకొక్క ముక్క వినబడలేదు. తెరమీద మాత్రం తెగ సంబరంగా తలూపుతున్నాను.

హైమ మౌసు లాక్కుంది. "తలూపి నెల్లాళ్ళయింది. ఇంకెప్పుడు నేర్పుతారు? జరగండి!"