పెద్దమాను పుల్లలు

తమిళనాడులోని గుడియాత్తంలో తన వీధి చివరి పెద్దమాను మీద వాలే గోరింకలను చూసి జ్ఞానాంబ ముప్పై ఏళ్ళుగా పద్యాలు రాసుకుంటోంది. కొట్లో పొట్లాల కాగితాలు కూడబలుక్కుని తనంతట తాను నేర్చుకున్న తెలుగు ఆమెది. మొగుడు పోయిన సాయంత్రం కూడా ఆ పిట్టలు తప్పకుండా వచ్చాయి.

ఎన్నికల్లో గెలిచిన కౌన్సిలర్ ఆ మానును కొట్టించి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి అమ్మేశాడు. ఇప్పుడది సన్నపుల్లలై, గంపలకెక్కి ఆమె ఇంటికే వచ్చింది. కోడలు చిన్నమణి ఆ పుల్లలను కూలికి చట్రాల్లో పేర్చి తెల్లారేసరికి ఫ్యాక్టరీకి అప్పజెప్పాలి.

"ఎన్నికలప్పుడు వాళ్ళ పార్టీ తలైవరును కోయిలంటా మైకులో కవిత చదివినాడే, ఆ నోటితోనే మాను కొట్టమన్నాడు! సిగ్గుండాదా వానికి?" అంది జ్ఞానాంబ.

"ఉంటే కౌన్సిలర్ ఎట్లయితాడత్తా?" అంది చిన్నమణి, పేర్చడం ఆపకుండానే.

కరెంటు పోయింది. చీకట్లో గంపలోంచి కిచకిచలు మొదలయ్యాయి. పొద్దుగూకే వేళ కొమ్మ మీద చోటు కోసం గోరింకలు పోట్లాడుకునే గోల, అచ్చం అదే.

"మళ్ళీ అరస్తా ఉండాయి. నీకు వినబళ్ళేదా?"

"యాడ? ఐదు దినాలుగా ఇదే మాట. వేలూరికి పోయి చెవులు చూపించుకో."

వెలుతురు కోసం చిన్నమణి విరిగిన పుల్లలు గుప్పెడు తీసి పొయ్యి నిప్పుల మీద వేసింది. "వద్దే!" అని జ్ఞానాంబ చెయ్యి పట్టుకునేలోగా అవి భగ్గుమన్నాయి.

గోల ఒక్కసారిగా ఆగిపోయింది.

చిన్నమణి గంపను దగ్గరికి లాక్కుంది.

"అత్తా," అంది మెల్లగా, "ఎందుకు ఆపేసినాయి?"

జ్ఞానాంబకు భయం కన్నా ముందు కోపమొచ్చింది.

"అంటే, ఇన్ని దినాలూ నీకూ వినబడతానే ఉండిందా?"