పెద్ద చేప

ఏటి చేపల్ని పరీక్షించే అమ్మాయి జాలరి గుమ్మం ముందు చేప పొట్ట కోసి చూపించింది.

"ఫ్యాక్టరీ రసాయనం బురదలో దిగుతుంది బాబాయ్. బురదని పురుగులు తింటాయి, పురుగుల్ని చిన్న చేపలు, వాటిని పెద్దవి. చివరికి విషమంతా చేరేది పెద్దవాటిలోనే."

జాలరి గబుక్కున ఇంట్లోకి తిరిగి చూశాడు. చిన్నవన్నీ అమ్ముకుని, బాలింత కూతురికని రోజూ వలలో పడ్డవాటిలోకెల్లా పెద్దది తెచ్చిపెట్టింది ఆయనే.

"అన్నీ తిన్నావా తల్లీ?"

"నీ పెద్ద చేపలా? ఒకటే నీచు కంపు! పక్కింటి పిల్లి ఎలా బలిసిందో చూడలేదా నాన్నా?" అని నవ్వింది కూతురు.

"పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ!" ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంతలో ఒళ్లో పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆమె పాలివ్వబోయి, చటుక్కున ఆగిపోయింది.

తండ్రి అది చూశాడు.