నాలుగు ఎర్ర ముక్కలు

ముందే చెబుతున్నాను. ఒత్తులు తప్పిపోతాయి, చెయ్యి నెమ్మది. సర్దుకుని చదువుకోండి.

ఆ ఎర్ర ముక్కలను ఆవిడ పెట్టలేదు.

మిగిలినవన్నీ ఆవిడ చేత్తో పెట్టినవే. ఆమె భర్త ఫొటోలు తీస్తాడు. ఫొటోలో దాగిన వస్తువులను పిల్లలు వెతికి పట్టుకోవాలి. అదీ పుస్తకం. దాచడం మాత్రం ఆవిడ పని. గుండీని గోళీల మధ్య, దువ్వెనను బొమ్మరింటి కంచెలో, తాళంచెవిని గొలుసు మెలికలో. కదలకుండా అడుగున చిటికెడు మైనం. పెట్టడం, వెళ్లి కెమెరాలోంచి చూడడం, మళ్లీ వచ్చి వెంట్రుకవాసి జరపడం. ఒక్కో బొమ్మకు పది రోజులు పట్టేది.

"ఎదురుగానే పెట్టి కళ్లకు గంతలు కడతావు గదే, గడసరీ!" అని ఆయన మురిసిపోయేవాడు. ఆ పేరుతో పిలిచేది ఆయనొక్కడే.

ఆ పుస్తకం పనికి కొత్త మనిషి వచ్చింది. ఎర్ర కళ్లద్దాలమ్మాయి. బొమ్మ కింద 'ఇది వెతుకు, అది వెతుకు' అంటూ పాటలా నాలుగు పంక్తులు రాస్తుంది. రాసింది ఆయనకు చూపించడం, ఇద్దరూ పగలబడి నవ్వడం. ఆవిడ మైనం నలుపుతూ వినేది.

"అక్కా, మీరూ చూసి చెప్పండి, బాగుందా?" ఒకరోజు ఆ అమ్మాయి కాగితం చాపింది.

"నాకెందుకమ్మా మీ రాతలు? ఆయనకే చూపించుకో. నా బల్లమీద పెట్టకు, నీడ పడుతుంది."

"పోనీ, చదివి వినిపించనా?"

"నా చెవులకు తీరికెక్కడిది? మీ నవ్వులు వినడానికే సరిపోతోంది."

పుస్తకం అచ్చయింది. కట్టలు దించుతూ ప్రెస్సు మనిషి అన్నాడు: "అట్టమీద మీ ఆయన పేరు, ఆ అమ్మాయి పేరు పక్కపక్కనే ఎంత ముచ్చటగా ఉన్నాయో, చూశారామ్మా?"

ఆవిడ అట్టను చూడనే లేదు. లోపలి బొమ్మలు తిప్పింది. మొత్తం నాలుగు. మొదటి దాంట్లో రంగు పెన్సిళ్ల వెనక, బొటనవేలి గోరంత ఎర్ర చెక్కముక్క. మీద నల్లరంగుతో ఏదో మెలిక. రెండో దాంట్లో గోళీల నడుమ ఒకటి. మూడో దాంట్లోనూ, నాలుగో దాంట్లోనూ. ఆవిడ బల్ల దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వెళ్లాక ఎవరో పెట్టారు.

అచ్చం ఆ కళ్లద్దాల ఎరుపే.

ఒళ్లు భగ్గుమంది. తన బల్లమీద, తన వస్తువుల మధ్య, ఆ పిల్ల గుర్తు! అదీ తను దాచినంత నేర్పుగా.

"ఏమండీ, ఇవెవరు పెట్టారు?"

ఆయనా ఆ అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాపుకోలేకపోయారు.

"వెతకడమే కదా ఆట! నువ్వే కనిపెట్టు" అన్నాడాయన.

"కనిపెట్టాను. నాలుగూ చూశాను."

"చూశావు గానీ..." ఆయన ఆ అమ్మాయి వైపు ఓ చూపు చూసి ఆగిపోయాడు.

"ఇంకేం గానీ? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. తనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"అక్కా, మీరనుకుంటున్నది కాదు..."

"అక్కా లేదు, గిక్కా లేదు."

ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. పాటలు రాసేవాళ్లు లేక రెండో పుస్తకమూ రాలేదు.

ఆయన రెండుసార్లు ఆ సంగతి చెప్పబోయాడు. రెండుసార్లూ ఆవిడ చెవులు మూసుకుంది. పుస్తకాన్ని పెట్టె అడుక్కి తోసి, పైన దుప్పట్లు పరిచేసింది. ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని బయటికి తియ్యలేదు.

ఆయన పోయిన ఆరేళ్లకు, పలకా బలపం పట్టి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిన మూడో నెలలో, ఆవిడ ఆ పుస్తకం తెరిచి ఎర్ర ముక్కలమీది మెలికలను వేలుపెట్టి ఒక్కొక్కటే చదివింది: గ, డ, స, రి.

రాసింది: గడసరి
వయసు: డెబ్బై ఒకటి
ఉంటున్నది: ఆ బల్ల ఉన్న గదిలోనే