క్రౌథర్ రేవు మెట్లు

క్రౌథర్ రేవు మెట్ల మీద మళ్ళీ నెత్తురు!

వాండాకి ఒళ్ళు మండిపోయింది. చేప నెత్తురే. ఏడాదిగా రోజూ కడుగుతోంది. చేసేవాడు మాత్రం దొరకలేదు.

ఇవాళ దొరికాడు. కింద పడవలో, చిరిగిన వానకోటుతో ఓ ముసలాయన.

"రోజూ ఈ కంపు నీదేనా?"

"నాదేనమ్మా."

"పదింటికి సిటీ ఆఫీసర్ వస్తున్నాడని నోటీసు వచ్చింది. రేవు బాగాలేదంటే హోటల్ వాళ్ళకిచ్చేస్తారు. తియ్యి పడవ!"

"ఆయన వచ్చేదాకా ఉండనివ్వండి..."

"కుదరదు! ఆ క్రౌథర్ మహానుభావుడు మొహమైనా చూపించకుండా, గుమాస్తా చేత తన చేపల ఫ్యాక్టరీకి తాళం వేయించాడు. మూడొందల మంది ఆడవాళ్ళం వీధిన పడ్డాం. ఇప్పుడది ఫ్లాట్లు. మిగిలింది ఈ రేవొక్కటే. దీన్నీ నీ కంపుకి బలివ్వమంటావా?"

ముసలాయన తల దించుకున్నాడు.

పడవ తాడు వాండాయే విప్పి విసిరేసింది. బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

బాల్టిమోర్‌లో ఆ పేట ఆడవాళ్ళు శనివారం వచ్చిందంటే ఇంటి ముందు పాలరాతి మెట్లు తోముతారు. మెట్టు మాసిందంటే ఇంటిల్లిపాదికీ తలవంపు. డెబ్భై ఏళ్ళ వాండా రేవు మెట్లన్నీ అలాగే తోమింది.

ఆఫీసర్ వచ్చాడు. మెట్టు మీద వేలితో రుద్ది చూశాడు.

"అద్దంలా ఉంది."

"నేనే తోమాను!" అంది వాండా గర్వంగా.

"అదే చిక్కు. నోటీసు వెనకవైపు చదవలేదా? ఏడాదిపాటు పడవల్లోంచి చేపలు దిగకపోతే రేవు మూసెయ్యాలి. ఇక్కడ ఒక్క పొలుసు కూడా లేదు."

వాండా బ్రష్షు అక్కడే పడేసింది.

మరుక్షణం రేవు చివరికి పరుగెత్తింది.

"ఓ పెద్దాయనా! వెనక్కి రా! చేపలతో రా!"

పడవ దూరం పోలేదు. నీళ్ళలోనే కాచుకుని ఉంది.

ముసలాయన వచ్చి తెల్లటి మెట్టు మీద బకెట్ బోర్లించాడు. చేపలు ఎగిరెగిరి పడ్డాయి.

"రోజూ దించుతున్నారా?" అడిగాడు ఆఫీసర్.

"రోజూ."

"సాక్ష్యం?"

"నేను!" అరిచింది వాండా. "ఏడాదిగా కడగలేక చస్తున్నాను!"

ఆఫీసర్ నవ్వి కలం తీశాడు.

"మీ పేరు?"

ముసలాయన జవాబు ఆఫీసర్‌కి చెప్పలేదు. వాండా వైపు తిరిగాడు.

"క్రౌథర్. ఆ తాళం వేయించింది నేనేనమ్మా. ఈ రేవుకి రెండో తాళం పడకూడదనే రోజూ చేపలతో వస్తున్నాను."