మూడో ఎపిసోడ్

పన్నెండు దాటింది. కరెంటు ఇంకా రాలేదు.

ఈశ్వరి మళ్లీ స్విచ్ నొక్కి చూసింది. టీవీ నల్లగా అలాగే ఉంది. నెట్‌లో సీరియళ్లు చూపించడానికి దాని వెనక చొప్పించిన వేలెడంత స్టిక్‌కి వెలిగే చిన్న దీపమూ లేదు. రెండున్నరకల్లా భర్త సోమేశ్వరరావు డ్యూటీ నుంచి వచ్చేస్తాడు. బూట్లయినా విప్పకుండా టీవీ పెట్టమంటాడు.

నిన్న సాయంత్రం గాలివానకి వాళ్లుండే బాగ్‌బేరాలో సగం చీకటైపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. "బస్, ఏక్ ఘంటా" అన్నాడు లైన్‌మన్ పొద్దున్నే. ఆయనగారి గంట ఇంకా నడుస్తూనే ఉంది.

కొడుకు సౌరభ్ ఇల్లు వదిలి యాభై రోజులు. అప్రెంటిస్ పరీక్ష రెండోసారి కూడా తప్పాడని తెలిసిన రోజు తండ్రి నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "నీలాంటోడు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అనేశాడు. "ఠీక్ హై, పాపా" అని కుర్రాడు చెప్పులేసుకున్నాడు. అంతే. ఫోను స్విచ్ఛాఫ్. టాటానగర్ స్టేషను, చుట్టాలిళ్లు, ఠాణా, అన్నీ తిరిగారు. జాడ లేదు.

పదిరోజులు సోమేశ్వరరావు సరిగ్గా అన్నం ముట్టలేదు. పదకొండో రోజు ఖర్కాయి నది వంతెన మీద నీళ్లకేసి చూస్తూ నిలబడ్డవాణ్ణి తోటి పనివాడు శ్యామ్ రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. "వదినా, మనిషిని కనిపెట్టుకుని ఉండు" అని మెల్లగా చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రమే పక్కింటి పిల్ల యోగిత వచ్చి టీవీలో చూపించింది. సౌరభ్ చూస్తూ చూస్తూ వదిలేసిన సముద్రపు దొంగల సీరియల్. మూడో ఎపిసోడ్. బొమ్మ కింద, వాడు చూసినంత మేర, సగం దాకా సన్నటి ఎర్ర గీత.

"ఆంటీ, భయ్యా సిమ్ మార్చినా అకౌంట్ ఇదే కదా. ఎక్కడ కూర్చుని చూసినా ఇక్కడ గీత జరుగుతుంది. పక్కా."

రెండో రోజే గీత జరిగింది.

సోమేశ్వరరావు టీవీ ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఉన్నాడే, మనోడు ఉన్నాడే!" అంటూ. ఆ పూట కంచం ఖాళీ చేశాడు. అప్పట్నుంచీ అదే వరస. గీత జరిగితే తింటాడు, పడుకుంటాడు, పొద్దున్నే డ్యూటీకి వెళ్తాడు. రిమోట్ మాత్రం తను ముట్టడు. ఏది నొక్కితే కొడుకు ఆనవాలు చెరిగిపోతుందోనని భయం. ఈశ్వరే పెట్టి చూపించాలి.

మధ్యలో ఒక్కరోజు గీత జరగలేదు. ఈశ్వరి జ్వరంతో ముసుగుతన్ని పడుకున్న రోజు అది. ఆయన కంచం పక్కకి తోసేసి, మాటా పలుకూ లేకుండా వంతెన దారి పట్టాడు. కాలిపోతున్న ఒంటితో ఆమె వెనక పరిగెత్తి, నడిరోడ్డు మీద కాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది.

ఇవాళ కూడా జరగకపోతే?

ఒంటిగంట అయింది. రెండయింది. ఈశ్వరి వీధి చివరి దాకా రెండుసార్లు వెళ్లొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌కి నిచ్చెన చేరేసి ఉంది, మనిషి లేడు. దేవుడి పటానికి దణ్ణం పెట్టి, మళ్లీ వెళ్లి స్విచ్ నొక్కి చూసింది.

రెండున్నరకి గేటు చప్పుడైంది. సరిగ్గా అప్పుడే నెత్తి మీద ఫ్యాను తిరగడం మొదలెట్టింది.

ఒక్క పావుగంట ముందు వస్తే దీని సొమ్మేం పోయింది, పాడు కరెంటు!

"కరెంటొచ్చిందేటే? పెట్టు, పెట్టు" అంటూ వచ్చాడు సోమేశ్వరరావు.

"ముందు రెండు ముద్దలు తినండి."

"అన్నం ఎక్కడికి పోద్ది? పెట్టమంతన్నాను కదా."

"ఇప్పుడే కదా వచ్చింది. టీవీ కాలిపోద్దేమో, కాసేపు ఆగండి."

ఆయన ముఖం మాడిపోయింది. "ఏటి దాత్తన్నావు? నువ్వు చూసేసినావా? జరగలేదా?"

"నేను చూడలేదు." ఆ మాట నిజమే.

ఈశ్వరి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాతే రిమోట్ తీసింది. ఒక చేత్తో సీరియల్ బొమ్మ దాకా తెచ్చి, రెండో చేత్తో ఆయన చొక్కా అంచు గుప్పిట్లో బిగించి, కళ్లు మూసుకుంది.



"ఈశ్వరీ," అన్నాడాయన. "ఇదేటే? నిన్న పంతొమ్మిదో ఎపిసోడ్‌లో ఉన్నోడు ఇవాళ మూడుకొచ్చేశాడు. మూడో దాని ఆఖర్న ఉన్నాడు. మళ్లీ వెనక్కెందుకెళ్లాడే?"

ఈశ్వరి కళ్లు తెరిచింది. చూసింది. రిమోట్ చేతిలోంచి జారి కిందపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడి భోరున ఏడ్చేసింది.

ముప్పై ఎనిమిది రోజులుగా, ఆయన అటు డ్యూటీకి వెళ్లగానే ఇటు సౌండు తగ్గించి ఆ గీతని జరుపుతూ వచ్చింది తనే. ఇవాళ కరెంటు లేక ఆ పని చేయనేలేదు.