పాదిరీ దొర తీసిన ఫొటోలు

కొండ కింద బస్సు దిగేసరికి ఫో లోన్ పెట్టుబడి రెండే రెండు: భుజాన సంచిలో ఒక నకిలీ ఆల్బమ్, బస్సు నెత్తిన నలభై జింకు రేకులు.

అసలు ఆల్బమ్‌లో ఇరవై మూడు ఫొటోలు. నూటపాతికేళ్ళ కిందట జనాన్ని తన మతంలో కలుపుకుందామని బర్మాలో మౌల్మేన్ వైపు వచ్చిన పాదిరీ దొర ఒకాయన, ఒక్కడూ కలవకపోయేసరికి, కొండ మీది ఆరామంలో భిక్షువులకు ఫొటోలు తీస్తూ కాలక్షేపం చేశాడు. తాటాకు విసనకర్ర పట్టుకున్న పెద్ద భిక్షువు, పాత్రలు పట్టుకుని వరసగా నిలబడ్డ చిన్న భిక్షువులు, నగిషీల టేకు మంటపం. వెళ్ళిపోతూ వాటిని ఆరామానికే ఇచ్చిపోయాడు.

వాటికి యాంగోన్‌లో ఒక హోటలు యజమాని అరవై లక్షల క్యాట్లు ఇస్తానన్నాడు. ఆ డబ్బు చేతికొస్తే ఫో లోన్ రోడ్డు పక్క గోనెపట్టా మీద పాత సామాన్లు పరచడం మానేసి, తలుపూ తాళమూ ఉన్న సొంత కొట్టు పెట్టుకోవచ్చు.

కిందటి నెల భక్తుడిలా వచ్చాడు. ఆరామం పెద్ద సయాడోగారు మంటపంలోని లక్కపెట్టెలోంచి ఆల్బమ్ తీసి తన చేత్తోనే ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఫోన్‌తో ఫొటోలకు ఫొటోలు తీసుకున్నాడు.

"యాంగోన్ వాళ్ళకు ఇవంటే ఎంత ఇష్టమో, దాయకా" అని సయాడోగారు మురిసిపోయారు.

ఇంటికెళ్ళి మందపాటి కాగితం మీద అచ్చు వేయించి, టీ నీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, అంచులు అరగదీశాడు.

ఇక మిగిలింది పాపం. సంఘం సొత్తు దొంగిలించినవాడికి అవీచి నరకమని అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అందుకే ఆ ఖర్చు ముందే పెట్టేశాడు. ఆరామానికి దానమిచ్చే రేకులు ఎనిమిది లక్షలు. పాపానికీ పుణ్యానికీ సరిపోగా, కొట్టుకు కావలసింది మిగులుతుంది.

ఆరామం పనులు చూసే ముసలాయన ఊ కాన్ సేన్ ఒక రేకును వేలితో కొట్టి చూశాడు.

"భోజనశాలకా? పల్చగా ఉన్నాయే అబ్బాయ్."

"మంచి రకమే బాబాయ్. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

"మా కొండ మీద వాన నీకు తెలీదులే. ఇంకో పది తెప్పించు, వరండా కూడా అయిపోతుంది. ఎటూ దానానికి దిగావు, సగంలో ఆగడమెందుకు?"

ఫో లోన్ ఒక్కసారి అవీచిని తలుచుకుని "సరే" అన్నాడు.

వారంలో కొత్త కప్పు వేయడం పూర్తయింది. ఆ పొద్దున భిక్షువులు భోంచేశాక నీళ్ళు ధారపోసి పుణ్యం పంచారు. ఊరంతా మూడుసార్లు "సాధు" అని మొహింగా చేపపులుసు గిన్నెల మీద పడింది. మంటపం ఖాళీ అయింది. ఫో లోన్ లక్కపెట్టె తెరిచి, తన ఆల్బమ్ అందులో పెట్టి, అందులోది సంచిలో వేసుకున్నాడు. నిమిషం కూడా పట్టలేదు.

గుమ్మం దాటేసరికి ఊ కాన్ సేన్ చెయ్యి పట్టుకున్నాడు.

"తినకుండా ఎక్కడికా పరుగు? నీ పేరు చూసుకోవా?"

భోజనశాల వెనక గోడకు పాలరాతి పలక. దాతల పేర్లు. బావి, మాండలే ఊ త్వే. నీళ్ళ ట్యాంకు, పగాన్ కో జో మోన్. వంటశాల, పెగూ దో ఖిన్ యీ. మెట్లు, యాంగోన్ కో లే మౌన్. అందరూ తెలిసినవాళ్ళే, అందరూ పాత సామాన్ల వ్యాపారులే. కిందటేడు కో లే మౌన్ ఒక ఇత్తడి గంట బేరంలో తనను నిలువునా ముంచాడు కూడా. అట్టడుగున, రంగు ఇంకా ఆరని అక్షరాల్లో, తన పేరు.

ఫో లోన్ ఆ పేర్లు మళ్ళీ పైనుంచి చదివాడు.

"వీళ్ళంతా ఇక్కడికి ఎందుకొచ్చారు బాబాయ్?"

"నువ్వెందుకొచ్చావో అందుకే" అన్నాడు ఊ కాన్ సేన్, అతని సంచి జారిపోకుండా భుజం మీద సర్దుతూ. "అసలువి బావి తవ్వించినాయన ముప్ఫై ఏళ్ళ కిందటే పట్టుకుపోయి తన నకలు పెట్టాడు, ఆ నకలు ట్యాంకాయన తీసుకుపోయి తనది పెట్టాడు, అలా వస్తూ వస్తూ నీ సంచిలోకి చేరింది మెట్లు కట్టించినాయనది, నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీది చూశానబ్బాయ్, అందరికన్నా బాగా కుదిరింది, దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చేవాడి దానంతో ఈసారి ప్రహరీ గోడ మొత్తం వచ్చేస్తుంది."