ఇంజినీరుగారి ఫ్యామిలీ వీసా

లలితకుమారికి ఖతార్ వీసా రావడానికి రెండేళ్ళు పట్టింది. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడిందని ఒకసారి, అద్దె ఒప్పందం సరిగ్గా లేదని ఒకసారి దరఖాస్తు వెనక్కొచ్చింది. భర్త రామచంద్రరావు దుఖాన్‌లో చమురు కంపెనీ ఇంజినీరు. విజయవాడలో ఆవిడ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మొగుణ్ణి ఫోన్‌లో చూసుకుంటూ బతకడం పగవాళ్ళకి కూడా వద్దని పలకరించిన ప్రతివాళ్ళ దగ్గరా ఏడ్చేది.

చివరికి వీసా వచ్చింది. అల్ రయ్యాన్‌లో విల్లాలో కాపురం పెట్టింది. దిగిన వారానికే ఏడుపు పోయి గొప్పలు మొదలయ్యాయి.

"ఫ్యామిలీ వీసా అందరికీ ఇస్తారేమిటే? ఇంజినీర్లకీ డాక్టర్లకీ ఇస్తారు గానీ, డ్రైవర్లకీ కూలీలకీ ఎవరిస్తారు!" అని కారు వెనకసీట్లో కూర్చుని చెల్లెలికి ఫోన్‌లో చెప్పేది. ముందు కూర్చుని కారు నడుపుతున్నది డ్రైవరేనన్న ధ్యాస ఉంటేగా!

ఆ డ్రైవరు రఫీ. మెట్‌పల్లివాడు. ఆవిడ వీసా కాగితాలు పట్టుకుని ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా అతనే. విల్లా గేటు పక్క చిన్న గదిలో ఉంటాడు.

ఇల్లు పెద్దది, పనిమనిషి కావాలి. తెలుగు వచ్చినావిడైతే బాగుండునని లలితకుమారి రఫీని అడిగింది. అడుగుతూనే ఒక షరతు పెట్టింది. పక్క విల్లాలో సుభాషిణి దగ్గర అన్నాచెల్లెళ్ళు పనిచేసేవాళ్ళు. అన్నకి కోపమొస్తే చెల్లెలూ మూటాముల్లె సర్దుకుని పోయింది. ఆ గొడవ తనకొద్దు.

"నీ చుట్టాలైతే మాత్రం వద్దు. దాచిపెట్టినట్టు తరవాత తెలిసిందా, ఇద్దర్నీ ఒకే విమానం ఎక్కిస్తాను" అంది.

"చుట్టం గాదు మేడం, మా ఊరామె. పేరు రుక్సార్."

"మొగుడున్నాడా?"

"ఉన్నడు. ఉన్నా లేనట్టే."

లలితకుమారి మనసు కరిగింది. వదిలేసి పోయుంటాడు, వెధవ అనుకుంది. రామచంద్రరావు చేత పనిమనిషి వీసా తీయించింది.

రుక్సార్ వచ్చింది. వంచిన తల ఎత్తకుండా పనిచేసేది. కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చిందట. పిల్ల మీద బెంగతో ఏడ్చేది గానీ, పోనీ ఊరెళ్ళి చూసొస్తావా అంటే వణికిపోయేది. ఎంత చాకిరీ అయినా చేస్తాను, నన్ను మాత్రం పంపించకండని చేతులు పట్టుకునేది. ఈ కాలంలో ఇంత పనిమంతురాలు దొరకడం తన అదృష్టమని లలితకుమారి మురిసిపోయింది.

ఆ మురిపెం మీద సుభాషిణి నీళ్ళు చల్లింది.

ఒకరోజు కాఫీకి వచ్చి, ఒక సంగతి గమనించావా అని అడిగింది. గ్యాస్ బండ తెచ్చేవాడొస్తే రుక్సార్ చున్నీ తలమీదికి లాక్కుంటుంది. ప్లంబరొచ్చినా అంతే. చివరికి రామచంద్రరావుగారు మంచినీళ్ళడిగినా తల కప్పుకునే ఇస్తుంది. అదే రఫీ వంటింట్లోకొస్తే చున్నీ మెడలోనే ఉంటుంది, చెయ్యి కూడా కదలదు. నిప్పు లేనిదే పొగ రాదమ్మా అని చెప్పి సుభాషిణి కాఫీ తాగి వెళ్ళిపోయింది.

లలితకుమారి కనిపెట్టి చూసింది. నిజమే. పైగా మర్నాడు రుక్సార్ చున్నీ అసలు లేకుండానే నవ్వుతూ రఫీకి టీ గ్లాసు అందించడం కళ్ళారా చూసింది.

ఇద్దర్నీ హాల్లోకి పిలిచింది.

"చుట్టం కాదన్నావు. మరి ఏమవుతుంది నీకు?"

రఫీ నేలచూపులు చూశాడు. "ఏం గాదు, మేడం."

ఆవిడ రుక్సార్ వైపు తిరిగి, కట్టుకున్నవాడు ఒకడున్నాడన్న బుద్ధి అయినా లేదా అని నిలదీసింది.

"మా ఆయనకు తెల్వకుంట నేనేం చెయ్యలె, మేడం" అంది రుక్సార్.

లలితకుమారికి ఒళ్ళు మండిపోయింది. చేసింది చాలక మొగుణ్ణే సాక్ష్యానికి పిలుస్తోంది! సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన రామచంద్రరావు అంతా విని, వండే మనిషి ఇంకొకరు దొరుకుతారు గానీ నమ్మకమైన డ్రైవరు దొరకడన్నాడు. రుక్సార్‌ని పంపేయాలని తేల్చేశారు.

ఆమె కాళ్ళమీద పడి ఏడ్చింది. రఫీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఛీ, మొగాళ్ళంతా ఇంతే, ఆడదాన్ని ముంచేసి తాము ఒడ్డున నిలబడతారు అనుకుంది లలితకుమారి. ఆ నిమిషాన రుక్సార్ కంటే రఫీ మీదే ఆవిడకి ఎక్కువ అసహ్యమేసింది.

విమానాశ్రయానికి తనూ వెళ్ళింది. దారిలో వాళ్ళిద్దరూ గుసగుసలాడకుండా రుక్సార్‌ని వెనకసీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది. రఫీ ఎప్పుడూ లేనిది కారు బాగా నెమ్మదిగా నడిపాడు. యల్లా, త్వరగా పోనీ అని ఆవిడే అదిలించాల్సి వచ్చింది.

కారు ఆగింది. రఫీ దిగి డిక్కీలోంచి సూట్‌కేసు తీసి నిలబెట్టాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన రుక్సార్ మొహం చూస్తే లలితకుమారికి జాలేసింది. ఎంతైనా ఆవిడా ఆడదే.

"జరిగిందేదో జరిగింది. ఊరెళ్ళి మీ ఆయన ఎక్కడున్నాడో వెతుక్కో. కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఆయన దగ్గరే ఉండు. మొగుడికి దూరంగా బతకడమంటే ఏమిటో నాకు తెలుసు" అంది.

రుక్సార్ తల ఊపి, తన మొగుడు తీసి పెట్టిన సూట్‌కేసు అందుకుని లోపలికి నడిచింది.